నా పావురాలు, అత్త కోళ్ళు

2024 ఫిబ్రవరి పదకొండు, ఆదివారం. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో రాగిసంగటి, పితికిపప్పు పులుసు. ముందు రోజు అనపగింజలు నానేసి, ఒక్కొక్క గింజా పితికి తొక్క తీసింది మా అత్త చౌడమ్మ. అంత ఓపికతో చేసిన వంట తింటూ ఎవరైనా మంచి మాటే చెప్తారనుకుంటాం. మా బావమరిది మునిరత్నం రెండో ముద్దను పులుసులో అద్దుకుంటూ, తలెత్తకుండా అన్నాడు:

“బావా, ఉగాదికి అమ్మను కుప్పం పిలుచుకోని పోతా.”

నా చేయి కంచంలోనే ఆగిపోయింది.

మాది మదనపల్లె. పట్టు పరిశ్రమ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. నా భార్య శాంతకుమారి పోయి అప్పటికి ఏడాదిన్నర. ఆమె మంచం పట్టినప్పుడు సాయానికని చౌడేపల్లె పక్క పల్లె నుంచి వచ్చిన అత్త, ఆమె పోయాక కూడా నా దగ్గరే ఉండిపోయింది. ఉండమని నేను అడగలేదు, పోతానని ఆమె అనలేదు. కర్మాంతరాలు అయిన మర్నాడు పొద్దున ఎప్పటిలాగే వంటింట్లోంచి కాఫీ వాసన వచ్చింది. ఆ వాసన నాకు ఎంత ధైర్యమిచ్చిందో ఆమెకు తెలియదు. మాకు పిల్లలు లేరు. శాంత ఎట్లా నవ్వేదో, దేనికి అలిగేదో తెలిసిన మనిషి ఆ ఇంట్లో నాతోపాటు ఆమె ఒక్కతే.

అయితే ఆమె నాతో మాట్లాడదు. కోపం కాదు, మర్యాద. మా వైపు పాతకాలం ఇళ్ళలో అత్త అల్లుడికి ఎదురు నిలబడదు, ముఖం చూసి మాట్లాడదు. అల్లుడూ అంతే. ఏం చెప్పుకోవాలన్నా నడుమ ఒక మనిషి ఉండాలి. శాంత ఉన్నన్నాళ్ళు ఆ మనిషి శాంతే. “శాంతా, ఆయప్పకు ఇంకొంచెం కూర ఎయ్యి” అని అత్త వంటింట్లోంచి అనేది. నాకు వినపడుతూనే ఉన్నా శాంత అదే మాట మళ్ళీ నాకు చెప్పేది, నవ్వుతూ. ఆమె పోయాక ఆ స్థానం ఫ్రిజ్జుకు వచ్చింది. “గ్యాసు అయిపోయేటట్టుండాది” అని అత్త ఫ్రిజ్జుతో అంటే నేను సిలిండరుకు ఫోన్ చేసేవాణ్ణి. “రేపు తిరుపతికి పోవాల” అని నేను గోడ మీది క్యాలెండరుతో అంటే, తెల్లారేసరికి చిత్రాన్నం కట్టి బల్ల మీద ఉండేది. ఇన్నాళ్ళలో మా ఇంట్లో ఒక్క పనీ ఆగలేదు. కానీ “ఇక్కడే ఉండిపో అత్తా” అనేది క్యాలెండరుతో చెప్పే మాట కాదు.

“ఏమిటికి? ఈడ ఏం తక్కువైంది?” అన్నాను మునిరత్నంతో.

“తక్కువేం లేదు బావా. నువ్వు బాగానే సూసుకుంటాండావు. అమ్మకే పొద్దు పోలేదంట. పనీ పాటా లేకుండా అల్లుడింట్లో కూర్చోని తినేదానికి మనసొప్పలేదంట.”

వంటింట్లోంచి అత్త గొంతు కొడుకు మాటను పూర్తి చేసింది. “అవును నాయనా. ఇద్దురికి వంట. గంట పని. తక్కిన పొద్దంతా గోడలు సూస్తా కూర్చునేదే. కూతురుండేటప్పుడు అది వేరే. ఇప్పుడు నేను ఈడ ఎవరని?”

పేరుకు కొడుకుతో అన్నా ఆ ప్రశ్న నాకే. గ్లాసెడు నీళ్ళు తాగాను. తాగి, చాలా నిబ్బరంగా అన్నాను: “పని లేకపోవడమేంది? మేము పావురాలు పెంచబోతాండాము.”

అర నిమిషం ముందు వరకు ఆ సంగతి నాకే తెలియదు. కానీ నోట్లోంచి వచ్చాక బాగానే ఉందనిపించింది. రైతులకు వేలకు వేల పట్టుపురుగులను సాకడం నేర్పినవాణ్ణి. రెండు పావురాలు నాకొక లెక్కా?

మునిరత్నం ముద్ద మింగి గట్టిగా నవ్వాడు. “ఈ వయసులో పావురాలేంది బావా! మిద్దెక్కి ఈలలేస్తావా, కాలేజీ పిలకాయల మాదిరి?”

“ఈల వేసేది తప్పైతే ఎయ్యను. మిద్దె మీద గది ఊరికే పడుండాది. పావురానికి గుప్పెడు సద్దలు చాలు. తెల్లారుజామున కూత లేదు, పక్కింటోళ్ళతో మాట లేదు. జంటగా ఉంటాయి, వాటి పిల్లల్ని అవే సాక్కుంటాయి.”

“రత్నం,” అంది అత్త లోపలి నుంచి, “వాటి పని అవే సేసుకుంటే నేను సేసేదేముండాదిరా? ఇంట్లో సాకేదుంటే కోళ్ళే అని సెప్పు. గింజేస్తే కాళ్ళకాడికొస్తాయి. గుడ్డు పెడితే అరిసి సెప్తాయి. ఆకాశంలో తిరిగేదాన్ని నాదనుకునేది యెట్ల?”

“కోళ్ళయితే పెరడంతా తవ్విపోస్తాయి,” అన్నాను క్యాలెండరుతో. “పిల్లికి కాపలా, ముంగిసకు కాపలా. పొద్దున తలుపు తియ్యాల, సాయంత్రం మూయాల. ఒక్క పూట యాడికీ పోయేదానికి లేదు.”

ఈ మాటతో వాదన గెలిచాననే అనుకున్నాను. 

మునిరత్నం చేయి కడుక్కుంటూ అన్నాడు: “మా వీధిలో ప్రదీప్ అని ఉండాడు. వాని మిద్దె నిండా పావురాలే. వచ్చి సూసుకో బావా. అయితే ఒకటి, ఉగాది మాత్రం ఉగాదే.”

*

తర్వాతి వారమే కుప్పం వెళ్ళాను. ప్రదీప్‌కు సెల్‌ఫోన్ల అంగడి ఉంది. అంగడిని తమ్ముడికి అప్పగించి నన్ను మిద్దె మీదికి తీసుకుపోయాడు. పావురాలను చూపిస్తూ ఒక్కొక్కదాని తాత ముత్తాతల పేర్లు చెప్పాడు. పందేల్లో ఏ పావురం ఏ ఊరి నుంచి ఎంతసేపట్లో తిరిగొచ్చిందో చెప్పాడు. వాటన్నిటిలో ఒక తెల్ల జంట నాకు నచ్చింది. మెడ దగ్గర కొంచెం పసుపు పూసినట్టు ఉన్నాయి.

“మంచివి పట్టినారు సార్,” అన్నాడు ప్రదీప్. “పిల్లల్ని తీసుకుంటే మెల్లగా అలవాటు సేసుకోవాల. మీకు యాల ఆ తిప్పలు? వీటిని రెండు వారాలు మూసిపెట్టండి. తర్వాత తలుపు తీస్తే మీ మిద్దె తప్ప ఇంకోటి తెలీదు. గ్యారంటీ.”

వాటి పందేల సంగతి అప్పుడే విన్నవాణ్ణి, ఆ గ్యారంటీని కూడా అంతే సంతోషంగా నమ్మాను. గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెను ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. కండక్టరు పెట్టె వంక చూసి, “లోపలుండేవాళ్ళు టికెట్టు తీసుకుంటారా సార్?” అని నవ్వి పోయాడు. నా పక్క సీట్లో కూర్చున్న గుడుపల్లె ఆమె తన సీసా మూతలో నీళ్ళు పోసి, పెట్టె చిల్లు దగ్గర పట్టుకుని, బస్సు కుదిపినప్పుడల్లా ఒలికినవి మళ్ళీ పోస్తూ పలమనేరు దాకా వాటికి నీళ్ళు పట్టింది. దిగేటప్పుడు నన్ను కాదు, పెట్టెను పలకరించి పోయింది.

మిద్దె మీద నీళ్ళ ట్యాంకు పక్కన ఉన్న చిన్న గదికి ఇనుప జాలీ తలుపు పెట్టించి పావురాలను అందులో వదిలాను. రోజూ పొద్దున, సాయంత్రం నేనే పైకెక్కి గింజలు, నీళ్ళు పెట్టేవాణ్ణి. అత్త మోకాళ్ళకు మెట్లు పడవు. ఆమె సద్దల్లో రాళ్ళు ఏరి, డబ్బాలో పోసి, మెట్ల మొదట్లో పెట్టేది. అక్కడే కాసేపు పైకి చూస్తూ నిలబడేది. పావురాల గువగువలు ఆమెకు వినపడేవి. పావురాలు కనపడేవి కావు.

“తింటాండాయా అవి?” అని ఒక రోజు ఫ్రిజ్జును అడిగింది.

“బాగా తింటాండాయి. తెల్లగా ఉండాయి, మల్లెపూల మాదిరి,” అని నేను క్యాలెండరుకు చెప్పాను.

“ఊఁ,” అంది. 

రెండు వారాలు కావస్తున్నప్పుడు కురబలకోటలో మా ఆఫీసు స్నేహితుడి ఇంటి గృహప్రవేశం వచ్చింది. తెల్లవారుజామునే ముహూర్తం. చీకటితోనే పోయి, భోజనాలు చేసి, మాటల్లో పడి తిరిగొచ్చేసరికి పొద్దు వాలిపోయింది. ఇంట్లో అత్త లేదు. వంటింట్లో లేదు, పెరట్లో లేదు. ఎక్కడో పై నుంచి “బా... బా... బా...” అని కోళ్ళను పిలిచే పిలుపు వినపడింది.

మెట్లెక్కి చూశాను. పావురాల గది తలుపు బార్లా తీసి ఉంది. అత్త ట్యాంకు దిమ్మె మీద కూర్చుని, గుప్పెట్లో సద్దలు పట్టుకుని, ఆకాశం వైపు చూస్తూ పిలుస్తోంది. మదనపల్లె మీద ఎన్నో కాకులు గూళ్ళకు పోతున్నాయి. తెల్లటిది ఒక్కటీ లేదు.

నన్ను చూడగానే కొంగు తల మీదికి లాక్కుని ట్యాంకు వైపు తిరిగింది. ట్యాంకుతో చెప్పింది. “పొద్దన్నే ఆయప్ప లేడు, ఆకలికుంటాయని ఎక్కొస్తి. గింజలేసి తలుపు తీస్తి. పొద్దన్నే తియ్యల్ల గదా. మాపటికి గూటికొస్తాయనుకుంటి.”

డెబ్భై ఏళ్ళకు పైబడిన మనిషి, కోళ్ళు తప్ప ఇంకో పక్షిని సాకని మనిషి. గూడంటే పొద్దున తియ్యాలి, సాయంత్రం మూయాలి. ఆమె లెక్కలో తప్పేమీ లేదు. పొద్దుట్నుంచీ కిందికి దిగనైనా లేదేమో. అన్నం తిన్న జాడ లేదు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

నేను కూడా ట్యాంకుతోనే అన్నాను. “పోతే పోయినాయి. తలుపు తియ్యొద్దని నేను చెప్పి పోవాల్సింది. నాదే తప్పు.”

“అల్లుడి సొత్తు,” అంది ట్యాంకుతో. “నా సేతులతో వదిలేస్తి.”

గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. చేయి అందించడానికి నాకు వరస కుదరదు. నేను రెండు మెట్లు ముందు నడిచాను, జారితే నా మీద పడుతుందిలే అని.

మర్నాడు పొద్దున ప్రదీప్ ఫోన్ చేశాడు. అత్తకు వినపడాలని స్పీకరు పెట్టాను.

“సార్, ఒక మాట,” అన్నాడు, గొంతు దిగేసి. “మీ పావురాలు ఈడికొచ్చేసినాయి.”

“ఎప్పుడు?”

“నిన్న పగలే సార్. రెండూ వచ్చి పాత గూట్లోనే కూర్చున్నాయి. అంత దూరం నుంచి! ఏం జాతి సార్ అది!”

“మరి గ్యారంటీ?”

“గ్యారంటీ ఉండాది సార్, కావాలంటే మళ్ళీ పంపిస్తా. కానీ మళ్ళీ ఇంకో రెండు వారాలు మూయాల. ఈసారి మూడు వారాలు పెట్టుకోండి.”

“వద్దులే ప్రదీప్. డేగ కంట పడకుండా చేరినాయి, అదే పదివేలు. అక్కడే ఉండనీ.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. డేగ భయం ఆమెకూ ఉండినట్టుంది, గట్టిగా ఊపిరి వదిలింది. అంతటితో మబ్బు విడిపోతుందనుకున్నాను. కానీ కాసేపటికి ఆమె తన బటన్ల ఫోన్ తీసుకుని పెరట్లోకి పోవడం, కొడుకుతో మాట్లాడడం వినపడింది.

“ఉగాది దాకా యాల నాయనా? ఈ ఆదివారమే రా. ఆ పచ్చులకు గూడా ఎవరి ఇల్లు వాళ్ళకు తెలిసుండాది. నేనే తెలీకుండా ఈడ కూర్చోనుండాను.”

ఆ రోజు గురువారం. నాకు ఆదివారం దాకా టైముంది.

*

పుంగనూరు సంత కూడా ఆ రోజే. వెంటనే పోయాను. ఈసారి మనసులో ఏ అనుమానమూ లేదు. ఏది కావాలో ఆమె మొదటి రోజే చెప్పింది. నేను పక్షులను ఎంచుకుంటున్నాననుకున్నాను. ఆమె పనిని ఎంచుకుంది.

సంతలో కోళ్ళ వరసలో ఒక ముసలామె రెండు పెట్టలను గంప కింద పెట్టుకుని కూర్చుంది. ఒకటి నల్లది, ఒకటి ఎర్రది.

“కోసుకునేదానికా, సాకేదానికా?” అంది.

“సాకేదానికి.”

“అట్లయితే నల్లది తీసుకోప్పా, నెమ్మది. గుడ్లు పెడతాండాది. ఎర్రది తుంటరి. కానీ రెండూ ఒక గూట్లో పెరిగినాయి, విడదియ్యొద్దు. పుంజు కావాల్నా?”

“వద్దమ్మా. మాది టౌను. తెల్లారుజామున కూస్తే వీధి వీధంతా నా మీదికొస్తాది.”

ఆమె నవ్వి, కాళ్ళు జతగా కట్టి, గోనెసంచి మీద పెట్టి ఇచ్చింది. “మూడు దినాలు గూట్లోనే ఉంచు. నాలుగో దినం వదులు. గూట్లో పెట్టేముందు ఇంటి ఆడమనిసి సేత రోలు సుట్టూ మూడు సుట్లు తిప్పించు. ఇంటామె తిప్పాల, గుర్తుండాదా? సుట్టంగా వచ్చినోళ్ళు తిప్పినారంటే కోడి గూడా సుట్టమే. నాలుగు దినాలుండి పోతాది.”

నేను బి.ఎస్సీ. చదివాను. రోలుకూ కోడికీ ఏం సంబంధమని అడగడానికి నోరు తెరిచి, మూసుకున్నాను. ఆ ముసలామె నా చేతికి కోళ్ళతో పాటు ఇంకేదో పెట్టిందని అప్పుడే తోచింది.

ఇంటికొచ్చేసరికి మూడు గంటలు. దారిలోనే వడ్రంగిని పిలుచుకుని వచ్చి, పెరట్లో మెట్ల కింది ఖాళీకి పలక తలుపు బిగించమన్నాను. లోపల అడ్డంగా ఒక కర్ర, కింద కొంచెం వరిగడ్డి. వడ్రంగి పోయాక కోళ్ళ కట్లు విప్పి, గంప కింద పెట్టి, రోలు పక్కన ఉంచాను. వంటింటి కిటికీ పెరట్లోకే. కిటికీ వెనుక అత్త నీడ కనపడుతోంది. ఆమె గుడ్డల సంచి అప్పటికే సర్ది, హాల్లో గోడకు ఆనించి ఉంది.

నల్లకోడిని చూస్తూ, కిటికీలోకి వినపడేటట్టు చెప్పాను.

“చూడమ్మా నల్లదానా. పుంగనూరామె చెప్పి పంపింది, నిన్ను రోలు చుట్టూ తిప్పాలంట. ఇంటామే తిప్పాలంట. చుట్టాలు తిప్పితే నువ్వు నిలవవంట. నేను మగోణ్ణి, నా చేత కాదు. ఇంకెవరు తిప్పుతారో, నువ్వే అడుగు.”

కోడి “క్క్” అంది. నేను హాల్లోకి వచ్చి పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క వార్తా చదవలేదు.

 కుళాయి తిరిగిన చప్పుడు, ఆగిన చప్పుడు. చివరికి పెరటి తలుపు కిర్రుమంది. పేపరు పక్క నుంచి చూశాను. అత్త గంప ముందు నిలబడి ఉంది. చేతులు కొంగుకు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. ఇంటివైపు ఒకసారి చూసింది. తర్వాత ఒంగి, గంప ఎత్తి, నల్లకోడిని రెక్కలతో సహా ఒడుపుగా చంకలో ఇరికించుకుంది. కోడి గింజుకోనైనా లేదు. నెప్పి మోకాలిని కొంచెం ఈడుస్తూ రోలు చుట్టూ నడిచింది, మూడు చుట్లు. నల్లదాన్ని గూట్లో పెట్టి ఎర్రదాన్ని తీసుకుంది. అది రెక్కలు కొట్టి, గోరుతో ఆమె చేయి గీరింది.

“ఏందే నీ పొగురు?” అంది అత్త దానితో. “ఇది ఇల్లు. ఇంక యాడికీ పోయేదానికి లేదు, తెలిసిందా?”

దాన్ని కూడా మూడుసార్లు తిప్పింది.

ఆ రోజు నుంచి ఫ్రిజ్జుకు పని తప్పింది. “నల్లదానా, ఆయప్పకు కాఫీ సల్లారిపోతాండాదని సెప్పు” అని పెరట్లోంచి వినపడేది. “ఎర్రదానా, అంగట్లో నూకలు దొరుకుతాయేమో అడగమ్మా, సద్దలు నీకు పడలేదు” అని వినపడేది. నేను కూడా గూటి ముందు కూర్చుని చాలా సంగతులు చెప్పాను. శాంత చిన్నప్పుడు కోడిపిల్లను బడికి తీసుకుపోయిందని నాతో ఒకసారి చెప్పిందని చెప్పాను.

“బడికి కాదు,” అంది అత్త, గూట్లోకి చూస్తూ, నవ్వుతూ. “పరీచ్చకు. సంచిలో పెట్టుకోని పోయింది. అది అయివారు బల్ల మీద ఎక్కి కూర్చునింది. ఆయప్పకు తెలియదా నల్లదానా ఈ కత? సగమే సెప్పినట్టుండాది మొగునికి.”

శనివారం నల్లది గుడ్డు పెట్టి పెరడంతా దద్దరిల్లేటట్టు అరిచింది. కానీ సంచి మాత్రం హాల్లో గోడకు ఆనించే ఉంది. దాన్ని ఆమె విప్పలేదు. నేను ముట్టుకోలేదు.

*

ఆదివారం పొద్దున్నే మునిరత్నం వచ్చాడు. సంచిని చూసి, “తయారేనా అమ్మా? పదింటి బస్సుకు పోదామా?” అన్నాడు.

“సాయంత్రం బస్సుకు సూస్తాం,” అంది అత్త. “ఈ పొద్దు కోళ్ళను మొదటిసారి వదిలే పొద్దు. గూటికి తిరిగొచ్చేది సూడకుండా యెట్ల పోయేది?”

“వస్తే?”

“వస్తే మళ్ళ రేపు పొద్దున తియ్యల్ల గదా.”

“రాకుంటే?”

అత్త పెరట్లోకి పోయింది. గూటి తలుపు తీసింది. నల్లది మెల్లగా బయటికొచ్చి, మెడ సాచి, పెరటిని రెండు పక్కలా చూసింది. ఎర్రది దాన్ని తోసుకుంటూ వచ్చి నేరుగా నా కరివేపాకు పాదులోకి దూకి తవ్వడం మొదలుపెట్టింది.

“సాయంత్రానికి ఇవి గూడా కుప్పం బస్సు ఎక్కతాయి సూడు బావా,” అన్నాడు మునిరత్నం నా చెవిలో. “మీ ఇంటి పచ్చులకు మా ఊరంటే ఇష్టం.”

“పందెమా?”

“అమ్మ మీదా పందెం? వద్దు బావా.” కొంచెం ఆగి, “అమ్మను నిజంగా నీకాడ ఉండనిస్తావా? నా కోసరం అడగడంలేదు. ఊర్లో ఎవరేమనుకునేది అట్ల పెట్టు, నీకు బరువు కాదు గదా?” అన్నాడు.

“రత్నం, మీ అక్క పోయినాక ఈ ఇంట్లో పొద్దున్నే లేచేదానికి నాకొక కారణముండాదంటే అది మీ అమ్మ పెట్టే కాఫీ,” అన్నాను. “బరువెవరు ఎవరికో నువ్వే లెక్కెయ్యి.”

 మధ్యాహ్నం వాడు పడుకుని గురక పెట్టాడు. అత్త పడుకోలేదు. చేటలో బియ్యం పోసుకుని పెరటి గడప మీద కూర్చుని, రాళ్ళు లేని బియ్యంలో రాళ్ళు ఏరుతూ కోళ్ళనే చూస్తూ ఉండింది. ఎర్రది ఒకసారి పక్కింటి దీప వాళ్ళ పెరట్లోకి దూకింది. దీప గోడ మీదుగా, “అవ్వా, మీ కోడి మా టమోటా నారు తింటాండాది!” అని కేకేసింది. “తిననీలేమ్మా, రేపు గుడ్డిస్తాది!” అని అత్త ఇంకా పెద్ద కేక వేసింది. ఆ గొంతు అంత గట్టిగా మా ఇంట్లో వినడం నాకు అదే మొదలు.

పొద్దు వాలింది. నల్లది ఎవరూ పిలవకుండానే మెట్ల కిందికి పోయి, గూట్లోకి తలపెట్టి చూసి, లోపలికి ఎక్కింది. నాకు కేక పెట్టాలనిపించింది, ఆపుకున్నాను. ఎర్రది మాత్రం దీప వాళ్ళ గోడ మీద నిలబడింది. ఇటు చూస్తుంది, అటు చూస్తుంది. బస్సుకు టైమవుతోంది. మునిరత్నం సంచి పట్టుకుని పెరటి గడప దగ్గరికి వచ్చాడు. అత్త ముఖంలో రంగు మారింది. గుప్పెడు నూకలు చల్లి “బా... బా...” అంది. అది గోడ మీద రెండడుగులు వేసి ఆగింది.

పట్టుపురుగుల మనిషికి ఓపిక ఉండాలి, కానీ ఆ నిమిషంలో నాది పోయింది. దాన్ని గూటివైపు తోలాలని గూటి ముందరికి పోయి, రెండు చేతులూ బార చాపి, “హో... హో...” అన్నాను. అది గోడ మీద ఇంకా దూరం జరిగింది.

“అల్లుడా!”

ఆ గొంతు నా ముఖం మీదికే వచ్చింది.

“అల్లుడా, యాల అట్ల సేతులు సాపి నిలబడుకోనుండావు? గూటికి అడ్డం నిలబడితే అది యాడికి పోతాది? జరుగు పక్కకు! నిన్ను సూసే అది భయపడతాండాది. ఏం సదువుకున్నావో ఏమో!”

నేను పక్కకు జరిగాను. చిన్నపిల్లవాడిలా గోడకు ఆనుకుని నిలబడ్డాను. మునిరత్నం నోరు తెరుచుకుని తల్లిని చూశాడు, నన్ను చూశాడు. అత్తకు మా ఇద్దరి మీదా ధ్యాస లేదు. కొంగు జారి భుజం మీద ఉంది. చూపంతా ఎర్రకోడి మీదే. నూకలు మళ్ళీ చల్లలేదు, పిలవలేదు, ఊరికే నిలబడింది. ఎర్రది మెడ వంచి ఒకసారి నేలను చూసింది. టప్పున దూకింది. నా కాళ్ళ ముందు నుంచే, నన్ను లెక్కచేయకుండా, నడుచుకుంటూ పోయి గూట్లోకి ఎక్కింది. లోపల నల్లదాన్ని పొడిచి చోటు చేసుకున్న చప్పుడు వినపడింది.

 అప్పుడు అత్తకు కొంగు గుర్తొచ్చింది. తల మీదికి లాక్కుంది. కానీ గోడవైపు తిరగలేదు.

“రత్నం, బస్సు పోతాదిరా,” అంది కొడుకుతో. “నువ్వన్నా తినేసి పో. గుడ్డు కూర సేస్తా.”

“ఒక్క గుడ్డుకు ముగ్గురమా?”

“నీకే ఏసిస్తాలే. మేము రేపు తింటాము.”

మునిరత్నం నవ్వాడు. చేతిలోని సంచిని లోపలికి తీసుకుపోయి, అత్త పడుకునే గదిలో మంచం కింద పెట్టి వచ్చాడు. “ఉగాదికి నేనే ఈడికొస్తా అమ్మా,” అన్నాడు. “పిలకాయల్ని గూడా పిలుచుకోని వస్తా. అప్పటికి కోడిపిల్లలుంటాయా?”

“పుంజు లేకుండా పిల్లలు యాడివిరా?” అంది. “పాలామె వాళ్ళింట్లో పుంజుండాది. రేపు ఆయమ్మను గుడ్లు అడగాల.” తర్వాత నా వైపు, పూర్తిగా నా వైపు కాదు, నా చెప్పులవైపు చూసి, “అల్లుడా, ఒక గంప కావాల, పొదిగేసేదానికి,” అంది.

“రేపే తెస్తా అత్తా,” అన్నాను.

మునిరత్నం గుడ్డు కూర తిని బస్సుకు పోయాడు. అప్పటికి పెరట్లో చీకటి పడుతోంది. అత్త గూటి ముందు గొంతుక్కూర్చుని లోపలికి తొంగి చూసింది. కర్ర మీద రెండు కోళ్ళూ ఒకదాన్నొకటి ఆనుకుని కళ్ళు మూస్తూ తెరుస్తూ ఉన్నాయి. అవి కదలడం మానేదాకా కనిపెట్టుకుని ఉండి, వాటికి తెలియకుండా ఆమె పలక తలుపును మెల్లగా దగ్గరికి చేర్చి గడియ పెట్టింది.